తూనీగ రెక్కలు ఆరేదాకా

మంచినీటి పరిశోధన సంస్థ హాల్లో చప్పట్లు మోగుతున్నాయి గానీ, ఉత్తమ పరిశోధక విద్యార్థిని జాడ లేదు. వెతుక్కుంటూ ప్రొఫెసరమ్మ ల్యాబ్‌లోకి వచ్చేసరికి, ఆ అమ్మాయి గాజుతొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

“నీ పేరు రెండుసార్లు పిలిచారు. ఇక్కడేం చేస్తున్నావు?”

“మెల్లగా మేడమ్. ఆ చెప్పులు విప్పేయండి. నేల అదిరితే మళ్ళీ నీళ్ళలోకి దిగిపోతుంది.”

“ఏది?”

“మన తూనీగ పిల్ల. పుల్ల పట్టుకుని పైకొచ్చింది. వీపు పగులుతోంది, ఆ తొడుగులోంచి రెక్కల తూనీగ బయటికొస్తుంది.”

“తిరిగొచ్చాక చూద్దువుగాని. ముందు లే.”

“పోయినసారి టీకి వెళ్ళొచ్చేసరికి ఖాళీ తొడుగు మిగిలింది. అంతకుముందు మీరే మీటింగని లాక్కెళ్ళారు.”

“నా చదువు రోజుల నుంచీ నాకూ తొడుగులే దక్కాయిలే. అయినా నీకు బహుమతి ఇస్తున్నది వీటి మీద చేసిన పనికే కదా, పిచ్చి తల్లీ.”

“అందుకే మేడమ్. పెళ్ళికూతుర్ని వదిలేసి భోజనాలకి పరిగెత్తమంటారా?”

ప్రొఫెసరమ్మ తొట్టె వైపు చూసింది. చెప్పులు విప్పి చేతబట్టుకుంది.

“కాస్త జరుగు. తల బయటపడిందా?”

“కాళ్ళు కూడా. ఇక తోకే. రెక్కలు ఆరడానికి మాత్రం గంట పడుతుంది.”

“ఊపిరి బిగబట్టు. అద్దం మసకేస్తోంది.”

సంచిలో ఫోను గుర్రుమంది. ప్రొఫెసరమ్మ తొట్టె మీంచి కళ్ళు తిప్పకుండానే దాన్ని చెవికి ఆనించుకుంది.

“లేదండీ, అమ్మాయి ఇంకా దొరకలేదు,” అంది గుసగుసగా. “వెతుకుతూనే ఉన్నాను. ఇంకో గంట పట్టేలా ఉంది.”