ఎండుమట్టల లోపల బాబాయి

ఏవిటల్లుడూ, నిచ్చెన భుజానేసుకుని ఎక్కడికి? పామ్ చెట్టు మట్టలు కొట్టడానికా? ఉండుండు. ఆ కత్తి కింద పెట్టి ఇలా కూర్చో. చెట్టెక్కడికీ పారిపోదులే. మా బాబాయి సంగతి నీకెప్పుడైనా చెప్పానా? లేదూ?

మా నాన్న తమ్ముడు. దర్జీ. వీధంతా ‘తర్వాత బాబాయి’ అనేవాళ్ళు. ఏం చెప్పినా ‘తర్వాత చూద్దాంలే’ అనేవాడు మరి. చొక్కాకి కొలతలిచ్చిన కుర్రాడు మీసాలొచ్చాక వచ్చి పట్టుకెళ్ళేవాడు, అదీ తమ్ముడికి! కుట్టుకి మాత్రం వంక పెట్టలేం. అందుకే అందరూ తిట్టుకుంటూ ఆయన దగ్గరకే వచ్చేవాళ్ళు. పిన్నికేమో నోరు జాస్తి. ఆవిడ తిట్టడం, ఈయన ‘తర్వాత’ అనడం, పొద్దస్తమానం అదే. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. వీళ్ళు నేడో రేపో విడిపోతారని భయపడేవాణ్ణి కూడానూ. పిచ్చివాణ్ణి. పెళ్ళి కాలేదుగా, ఏం తెలుస్తుంది? ఆఁ, ఎక్కడున్నాను? చెట్టు.

వాళ్ళింటి ముందూ ఇలాంటి చెట్టే, డాబాని ఆనుకుని. దీని ఎండుమట్ట దానంతటది రాలి చావదు, ఒకదాని మీద ఒకటి వేలాడుతుంది. ఎండినవి ఎండినట్టు తీసేస్తే గొడవే లేదు. బాబాయి ‘తర్వాత, తర్వాత’ అంటూ ఉంటే, చెట్టుకి మెడ నుంచి మోకాళ్ళదాకా గోనెసంచి తొడిగినట్టయింది. అందులో ఎలుకలు కాపురం పెట్టాయి. ఓ రోజు పిన్ని ఉతికి ఆరేసిన దుప్పటి కొరికేశాయి. అంతే! ‘ఇవాళ ఆ మట్టలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి’ అని కూర్చుంది. బాబాయికీ రోషమొచ్చి నిచ్చెన వేశాడు. వేసి, కిందవి చేతికందుతున్నాయి కదా అని కిందనుంచి మొదలెట్టాడు మహానుభావుడు. కింది వరస తెగిందో లేదో, పైనున్నదంతా ఒక్కసారిగా జారి ఆయన నెత్తిమీదుగా దిగిపోయింది. దుమ్ము తప్ప ఏం లేదు. నిచ్చెన కాళ్ళు కనబడుతున్నాయి, నేలమీద ఒక చెప్పు. బాబాయి లేడు, నిచ్చెనమీదే ఆ మట్టల లోపల ఇరుక్కుపోయాడు.

పక్కింటి మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ‘లాగండి, కిందికి లాగండి’ అన్నాడు. నేనూ ఓ మట్ట పట్టుకున్నా, ముళ్ళకి చెయ్యి చీరుకుపోయింది. పిన్ని ఒక్క అరుపు అరిచింది: ‘లాగారో చంపుతాను! లాగేకొద్దీ ఆయన మీదే బిగుస్తోంది, కనబడట్లా? పైకి పోయి ఒక్కోటీ తియ్యండి!’ నేనూ మేస్త్రీ డాబా ఎక్కి పైనుంచి కోసి అవతల పడేస్తున్నాం.  ‘ఏవండీ’ అంది పిన్ని. జవాబు లేదు. మళ్ళీ ‘ఏవండీ’ అంది. లేదు.  అప్పుడావిడ ఏం చేసిందో తెలుసా? తిట్టడం మొదలెట్టింది. ‘మనిషేనా మీరు? అక్కడ అన్నం చల్లారిపోతుంటే, ఎదురింటాయన ప్యాంటు సగం కత్తిరించి పడేసి, చెట్టెక్కి పడుకుంటారా? ఇప్పుడు దిగొచ్చి తింటారా, తినరా?’ ఆ ఒంటి చెప్పు చేతిలో పట్టుకుని నిలబడింది, తిట్టు మాత్రం ఆగట్లేదు. అప్పుడు మట్టల మధ్యలోంచి, నూతిలోంచి వచ్చినట్టు, సన్నగా వినబడింది. ‘తర్వాత తింటాలే…’

అబ్బ! ఇప్పుడు చెబుతున్నా గుండెల మీద బరువు దిగినట్టుంటుంది. నేను డాబామీదే కూలబడ్డా. మేస్త్రీ ‘చాల్లే, లేచి కొయ్యవయ్యా’ అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. బయటికి తీసేసరికి ఒళ్ళంతా గీతలు, మొహమంతా దుమ్ము. మొహానికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు కాబట్టి ఊపిరాడింది. ‘మొదట పిలిచినప్పుడే పలికి చావొచ్చుగా?’ అని పిన్ని. దానికాయన, ‘అంత మెత్తగా ఏవండీ అంటే, ఇంకెవరినో పిలుస్తున్నావనుకున్నానే’ అన్నాడు!

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ముసలాడై, మంచమ్మీదే హాయిగా పోయాడు. ఏటా మట్టలు మాత్రం వేళకి తీసేవాడు. ‘తర్వాత’ అనకుండా చేసిన పని అదొక్కటే. పిన్ని కింద నిచ్చెన పట్టుకుని, పనయ్యేదాకా తిడుతూనే ఉండేది. పైనుంచి ఆయన ఊఁ కొడుతూనే ఉండాలి. ఊఁ ఆగిందా, చేతిలో ముద్ద వదిలేసి వీధిలోకి పరిగెత్తేవాళ్ళం అందరం.

సరే లే, పద. నిచ్చెన నేను పట్టుకుంటా. పై వరస ముందు తియ్యి, పచ్చవి ముట్టుకోకు. నేనేదో ఒకటి వాగుతూ ఉంటా… ఆ మేస్త్రీ లేడూ, వాడి పెద్దకూతురికి… ఏం? ఊఁ అనవేం?