లింకులో కనకవ్వ

సిరిసిల్లలో అది చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే ఆఫీసు. కంప్యూటర్ పని చూసే పిల్ల వెనక యజమాని వచ్చి నిలబడ్డాడు.

"కొత్త సర్వర్‌కు నంబర్లే తెలుస్తయి బిడ్డ. లింకులల్ల నేసినోళ్ల పేర్లు తీసెయ్."

"తియ్య కాకా."

"ఏంది?"

"కనకవ్వ నేసిన, మనం అమ్మిన చీరల లేబుళ్ల మీద కోడ్ స్కాన్ చేస్తే, ఆమె పేరున్న లింకే వస్తది. తీసేస్తే పేజీ తెరుసుకోదు."

"సర్వర్ పేరు తీసుకోదు గదా?"

"అందుకే సర్వర్ ముంగట ప్రాక్సీ అని ఒక చిన్న ప్రోగ్రాం పెట్టిన. బయటికెల్లి కనకవ్వ అని వస్తే, అది ఆమె నంబర్ పదిహేడు అని మార్చి లోపలికి పంపుతది. చీర కొన్నోళ్లకు పేరే కనబడ్తది."



"నన్నడగకుంట ఎప్పుడు పెట్టినవ్?"

"పొద్దుగాల."

"పేరు చూస్తే రేపు సీదా ఆమెకే ఫోన్ చేస్తరు. మనల్నెవరు అడుగుతరు?"

"చెయ్యనియ్యి. నేసింది ఆమెనే గదా."

"నువ్వు నా దగ్గర పనిచేస్తున్నవ్, యాదుందా?"

"ఉంది కాకా. పేరును నంబర్ చేసే గా రూలు ఒక్క లైనే. నువ్వే తియ్యి. నా చేతితోని తియ్య."

ఆమె లేచి కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చుని స్క్రీన్‌ను పైనుంచి కిందికి చాలాసేపు చూశాడు.

"గిండ్ల గా లైన్ ఏది?"

"చెప్ప."