ఆదివారం మధ్యాహ్నపు నిద్ర

నా పేరు ఓలేటి లక్ష్మీతులసి, వయసు ముప్పై నాలుగు, రొయ్యల షెడ్డులో కూలిపని. ఊరు అంతర్వేది పల్లిపాలెం. అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద ఉండగా, ఏఎస్సై నారాయణమూర్తి గారు అడిగితే ఈ సంగతులు చెబుతున్నాను.

నా భర్త కొండబాబు పోయిన ఆగస్టులో వేటకు వెళ్లి సముద్రంలో పడిపోయారు. బోటు వచ్చింది, ఆయన రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టక రాజోలులో డాక్టరు గారికి చూపించుకుంటే నిద్రమాత్రలు రాశారు. అవి వేసుకుంటే ఆయన కలలోకి వచ్చేవారు. తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడేవారు. మాట్లాడేలోపే మెలకువ వచ్చేసేది. పొద్దున్నే మా అత్తగారు అచ్చాయమ్మ, "వచ్చేడా?" అని అడిగేవారు.

ఫిబ్రవరి 9, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చీటీలో రాసినదానికంటే ఎక్కువ మాత్రలు వేసుకున్నాను. దగ్గుమందు కూడా తాగాను. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుందని నాకు తెలియదు.

నాలుగుంపావుకు అత్తగారు ఎండుచేపలు ఎత్తుకుని ఇంట్లోకి వచ్చారు. పిలిస్తే నేను పలకలేదట. గురక ఆగి ఆగి వస్తోందట, పెదవులు నల్లబడ్డాయట. 108కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు నన్ను పక్కకు తిప్పి, బండి వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నారట.

రెండు రోజులు మిషను పెట్టి ఊపిరి ఆడించారు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది. బుధవారం ఉదయం కళ్లు తెరిచాను. అత్తగారు నా చెవి దగ్గరికి వంగి, "ఇన్నాళ్లు పడుకున్నావు కదే, వాడు కనపడ్డాడా?" అన్నారు.

"లేదత్తా. రాలేదు."

ఆమె కొంగుతో నా నోరు తుడిచారు. "నువ్వూ పోతే వాడి గురించి నేనెవరితో చెప్పుకోనే?" అన్నారు.

"చచ్చిపోదామనుకున్నావామ్మా?" అని ఏఎస్సై గారు అడిగారు. "లేదండి. ఆయన దగ్గర ఇంకాస్సేపు ఉందామనుకున్నానండి" అని చెప్పాను.

ఇవాళ పదో రోజు. గొంతు బొంగురుగా ఉంది. పది అడుగులకే ఆయాసం. నర్సు సత్యదుర్గ గారు పట్టుకుని నడిపిస్తున్నారు. మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని, కొద్దికొద్దిగా తగ్గిస్తామని డాక్టరు గారు చెప్పారు. ఇకమీదట అవి అత్తగారి దగ్గరే ఉంటాయి. ప్రతి గురువారం మనసు డాక్టరు గారికి చూపించుకోవాలి. అత్తగారు తానూ వస్తానన్నారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇది చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఒక్కచోట నా భర్త పేరు ముందు 'లేటు' అని రాశారు. అది కొట్టేయమన్నాను, కొట్టేశారు. నాకు సంతకం వచ్చు. చెయ్యి వణుకుతున్నందున వేలిముద్ర వేస్తున్నాను.

ఓలేటి లక్ష్మీతులసి, ఎడమచేతి బొటనవేలి ముద్ర