గంప ఎత్తే మేనమామ

ఒరేయ్ ప్రేమ్‌చందూ, ఇంక ఆ మాట ఎత్తకు. రావొద్దంటే రావొద్దు, అంతే! అక్క చేత ఎన్నిసార్లు చెప్పించుకుంటావురా? ఉండు, స్పీకర్లో పెడతా. నేనూ పక్కింటి మౌలాబీ మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాం, చేతులు భగ్గుమంటున్నాయి. ఆఁ, ఇప్పుడు చెప్పు. కాదులే, నువ్వేం చెప్పకు. నేను చెప్తా, విను.

కాగితాలన్నీ ఉన్నాయంటావు. దొంగతనంగా గోడ దూకలేదు, కంపెనీవాళ్ళు పిలిస్తేనే అమెరికా వెళ్ళానంటావు. మరి అంత సక్రమంగా ఉన్నవాడివి, మేనకోడలి పెళ్ళికి రావడానికి లాయర్ని అడగడమేంట్రా? రోజుకో రూలు మారుతోంది, దేశం దాటితే పాస్‌పోర్టులో మళ్ళీ వీసా ముద్ర ఎప్పుడు పడుతుందో చెప్పలేం అన్నాడంట. ఈ ముక్క చెప్పడానికి లాయరు కావాలా?

బాగుంది వాళ్ళ మర్యాద! మన మిర్చి యార్డులో కొందరుంటారు చూడు. శాంపిల్ చూసి మేలురకం అంటారు, తీరా కాటా ఎక్కాక తాలుకాయలంటారు. అట్లా ఉంది. పిలిచినప్పుడు లేని వంక ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందంట?

ఇక్కడ మీ బావది ఇంకో తిక్క. "అన్నీ సక్రమంగా ఉన్నోడికి భయమేంటే, ధైర్యంగా రమ్మను" అంటాడు. ఈయన మొన్న హెల్మెట్ ఉండి, లైసెన్సు ఉండి, సెంటర్లో పోలీసు కనపడగానే బండి సందులోకి తిప్పాడు! ఎందుకయ్యా అంటే, "ఏమో, వాడి మూడ్ ఎట్లా ఉందో" అన్నాడు. ఇక్కడ సందన్నా ఉంది. అక్కడ విమానాశ్రయంలో మా తమ్ముడు ఏ సందులోకి తిరగాలి?

ఇక మంగళగిరి వియ్యపురాలు. రోజూ ఫోనే. "గంపలో పెళ్ళికూతుర్ని ఎత్తుకొచ్చేది అమెరికా మేనమామేనా వదినగారూ? మా వాళ్ళందరికీ చెప్పేశామండీ!" అని. గంపలో కూర్చునే పిల్లని చూసుకోవమ్మా తల్లీ, ఎత్తేవాడి వీసా నీకెందుకు? పెళ్ళి వీడియో డ్రోనుతో తీయిస్తారంట. పైనుంచి చూస్తే ఎత్తినోడిది అమెరికానో అద్దంకో ఏం తెలుస్తుందిరా?

మార్టూరులో ఆ గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీ ఆయన కూతురి సంగతి విన్నావుగా? తండ్రికి బాగాలేదని అమెరికా నుంచి పరిగెత్తుకొచ్చింది. తండ్రి లేచి శుభ్రంగా ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు, పిల్ల మాత్రం ఇక్కడే ఇరుక్కుంది. వీసా అపాయింట్‌మెంటు వెనక్కి జరిగిందంట, మళ్ళీ జరిగిందంట. మొగుడూ బిడ్డా అక్కడ. ఆ బిడ్డ ఫోన్లో తల్లిని చూసి, ఫోను వెనక్కి తిప్పి వెతుకుతోందంట, అమ్మ అటువైపు ఉందేమోనని. వింటే నాకు అన్నం సయించలేదు.

నీకూ అదే గతి పట్టాలా? శ్రీరమ్యకి ఏడో నెల. నువ్విక్కడ ఇరుక్కుని, ఆ ఉద్యోగం కాస్తా పోతే, నీ పెళ్ళాం కాన్పుకి అక్కడెవరున్నార్రా? పొద్దున నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఏంటమ్మా అంటే చెప్పదు, "వదినా, ఆయన..." అని ఆగిపోయింది. ఆ మాత్రం నాకర్థం కాదా? "వాణ్ణి రానివ్వను, నాదే పూచీ" అని నేనే ధైర్యం చెప్పా.

గంప సంగతంటావా? దర్శి పెదనాన్న కొడుకు లేడూ, వాడికి చెప్పేశా. నలభై కిలోల మిర్చి టిక్కీలు ఎత్తిన భుజం వాడిది. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని నువ్వేం ఎత్తుతావులే! నీ మేనకోడలు శ్రీదివ్య ఇంకా నీ మెడమీదెక్కి తిరునాళ్ళలో జీళ్ళు కొనమన్న పిల్లే అనుకున్నావా? "మామయ్య రాకపోతే పీటల దాకా నడిచే వెళ్తా" అంటోంది. నడవనీ. కాళ్ళున్నాయిగా!

ఆ గోలేంట్రా నీ వెనక? ఎవరో అరుస్తున్నారు. మౌలాబీ, కాస్త ఆ మోటారు కట్టెయ్యి, వినపడట్లా.

ప్రేమ్‌చందూ... అమెరికాలో "గుంటూరు, గుంటూరు" అని అరిచేది ఎవడ్రా?

ఏంటీ? మళ్ళీ చెప్పు.

బెజవాడ బస్టాండా!

ఓరి నీ తెలివి తెల్లారిపోనూ! అందుకా ఆ పిల్ల ఏడ్చింది? నువ్వు విమానం ఎక్కేశాక నేను పూచీ పడ్డానా? నవ్వకు! నవ్వావంటే చంపుతా. వద్దన్న లాయరు వెర్రోడు, వద్దన్న అక్క వెర్రిది, నువ్వొక్కడివే మొనగాడివి! తిరిగెళ్ళేటప్పుడు వాళ్ళు కాదంటే ఎవడొచ్చి అడుగుతాడ్రా నీ తరఫున? మీ బావా? ఆ డ్రోనా?

అవును, ఏడుస్తున్నా. కారానికేం కాదు.

సరే, దిగావుగా. ఇప్పుడనుకుని ఏం లాభం. వాడు అరుస్తున్నాడు, ఆ బస్సెక్కు. మంగళగిరిలో మాత్రం తల బయటపెట్టకు, వియ్యపురాలు చూసిందంటే దండేసి ఊరేగిస్తుంది. ఇంటికి రాగానే ముందు శ్రీరమ్యకి ఫోన్ చెయ్యి. నేనూ మాట్లాడాలి. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతానో!

ఇంకోటి. వచ్చాక దర్శి వాణ్ణి గంప సంగతి అడిగేవు, అడక్కు. వాడికి నేనసలు చెప్పలేదు. నిన్ను వద్దనడానికి వచ్చిన నోరు, ఇంకొకణ్ణి ఎత్తమని అడగడానికి రాలేదురా.