ఎస్కో హర్యు గారు: మంచులో తెరుచుకున్న బోల్టు

1974 సెప్టెంబరు రెండవ తేదీ, సోమవారం నాడు శ్రీ ఎస్కో హర్యు గారు మా ఆయుధ కర్మాగారంలో సహాయ మెకానిక్‌గా చేరారు. ముప్పై ఎనిమిదేళ్ల సేవ అనంతరం, ఈ నెలాఖరున ప్రధాన రూపశిల్పిగా పదవీ విరమణ చేస్తున్న వారిని అభినందించే భాగ్యం, ఇరవై ఏడేళ్లుగా పక్క డ్రాయింగు బల్ల మీద వారి గీతలను శుభ్రప్రతులుగా మార్చిన నాకు దక్కింది.

తొలి పదేళ్లు వారు తుపాకి గొట్టాల పనిలోనే గడిపారు. 1984లో మన సైన్యం ఉత్తరాది చలికి తట్టుకునే కొత్త స్నైపర్ రైఫిల్ కోరినప్పుడు రూపకల్పన బాధ్యత వారికి అప్పగించారు. తూటాను లోపలికి నెట్టి మూసే ఉక్కు గడియను, అంటే బోల్టును, వారు వెంట్రుక దూరనంత బిగువుగా అమర్చారు. గురి అద్భుతంగా కుదిరింది. మేమంతా పొంగిపోయాం.

1987 ఫిబ్రవరిలో మన దేశపు ఉత్తర కొసనున్న లాప్లాండ్‌లో పరీక్ష జరిగింది. వేడి గుడారంలోకి తుపాకిని తేకూడదనీ, అది స్కీలతో పాటు బయటి మంచులోనే ఉండాలనీ మనలో ప్రతి వేటగాడూ ఎరిగినదే. కానీ సార్జెంట్ రైమో ఓయినోనెన్ వదులైన దుర్భిణి మరను బిగించడానికి రైఫిల్‌ను పది నిమిషాలు లోపలికి తెచ్చారు. వేడికి చెమర్చిన ఉక్కు, బయట సున్నాకు ముప్పై నాలుగు డిగ్రీల దిగువ చలిలో మంచు పట్టి బిగుసుకుపోయింది. బోల్టు కదల్లేదు. ఆ తుపాకిని సైన్యం తిరస్కరిస్తే మా విభాగం మూతపడుతుంది.

"నియమం తప్పింది సార్జెంటే కదా ఎస్కో, అదే రాసి పంపెయ్," అన్నారు అప్పటి మేనేజరు.

"రాయండి సార్, తెచ్చింది నేనే," అన్నారు రైమో తలవంచుకుని. "ఇక నన్ను గిడ్డంగిలో మేజోళ్లు మడతపెట్టమంటారు, అంతేగా!"

హర్యు గారు ఒప్పుకోలేదు. "వేళ్లు కొంకర్లు పోయినవాడు పొయ్యి దగ్గరికి రాక ఇంకెక్కడికి పోతాడు? ఆ మాత్రం తప్పు కాచుకోలేని తుపాకి ఎందుకు? గీసింది నేను. తప్పు నాది."

నివేదికలో అదే రాసి, ఒక్క ఏడాది గడువు అడిగారు. సైన్యం ఇచ్చింది. మేనేజరు మాత్రం వేసవి దాకా వారితో మాట్లాడలేదు.

ఆ రోజుల్లో వారు బోల్టును తడిపి ఇంటి ఫ్రీజరులో పెట్టి పరీక్షించేవారు. వారి శ్రీమతి సిర్క్కా గారు స్వయంగా చెప్పిన ముచ్చట ఇది.

"మళ్లీ ఆ ఇనుమేనా? నా బ్లూబెర్రీల మీద పెట్టావంటే నిన్నూ అందులోనే పడుకోబెడతా!"

"ఒక్క గంటే, సిర్క్కా."

"గంట గంట అంటూ వారమైంది. తడికి ఉబ్బి లోపలివాళ్లు ఇరుక్కుపోతారని మన ఆవిరిస్నానాల సౌనా తలుపు వదులుగా కోసింది నువ్వే కదయ్యా! ఆ తెలివి తుపాకి దగ్గరికొచ్చేసరికి ఏమైంది?"

మర్నాడు వారు నా చేత పాత గీతలు చెరిపించారు. బోల్టు ఒంటి చుట్టూ సందు పెంచి, విరిగిన మంచు చేరడానికి గాడులు గీయించారు. గురి చెడకుండా, ముందు కొసన తాళం పడేచోట మాత్రం బిగువు సడలనివ్వలేదు.

మరుసటి ఫిబ్రవరిలో వారే రైఫిల్‌ను గుడారంలోకి తెచ్చి, నీళ్లు కారేదాకా పొయ్యి పక్కన వేలాడదీసి, గంటసేపు మంచులో ఉంచి, "ఊఁ, తెరువు," అన్నారు. రైమో ఉన్ని చేతితొడుగు తియ్యకుండానే పిడి లాగారు. పటపటమంటూ మంచు విరిగి బోల్టు వెనక్కి వచ్చింది.

"అబ్బో, మా ఆవిడ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు కూడా మా ఇంటి తలుపు ఇంత తేలిగ్గా తెరుచుకోదు!" అన్నారు రైమో.

సైన్యం ఆమోదించింది. మా విభాగం నిలిచింది. అయినా హర్యు గారికి రావలసిన పదోన్నతి ఆరేళ్లు ఆలస్యమైంది. ఆ మాట వారి నోట నేనెన్నడూ వినలేదు.

మచ్చలేని సేవాపత్రంతో సైన్యం నుండి విశ్రాంతి పొందిన రైమో గారు ఈ అభినందన సభకు ఏడువందల కిలోమీటర్ల దూరం నుండి వస్తున్నారు. "నా మీదికి నెట్టకుండా తన తప్పని రాసిన చెయ్యి అది. ఒక్కసారి పట్టుకోవాలమ్మా," అన్నారు ఫోనులో. ఆ చెయ్యి ఏ వణుకూ ఎరుగకూడదనీ, సిర్క్కా గారి సాహచర్యంలో, ఆయురారోగ్యాలతో వారికి మరెన్నో చలికాలాలు చల్లగా సాగాలనీ మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నాం.

— కైసు మత్తిలా, డ్రాయింగు విభాగం