పక్క సీట్లో మాస్టారు

రేస్ ట్రాక్ పక్కన రేకుల షెడ్డు. అందులో ముందు చక్రాల నుంచి పొగ వస్తున్న ఎర్ర రంగు చిన్న కారు. దాని పక్కన డ్రైవింగ్ స్కూలు నడిపే మాస్టారు, ఆయన కూతురు.

“ముట్టుకోకు నాన్నా, ఆరు వందల నలభై డిగ్రీలుంది.”

“ముట్టుకోవడం లేదు తల్లీ. చలి కాచుకుంటున్నా.”

“చాల్లే.”

“కాదు, బ్రేకులంటే బండిని ఆపుతాయనే ఇన్నాళ్లూ అనుకున్నా. నీళ్లు కూడా కాచుకోవచ్చని ఇవాళే తెలిసింది. మీ అమ్మకి చెబుతా, గ్యాస్ కలిసొస్తుంది.”

“అయిదు రౌండ్లకే బ్రేకు పెడల్ మెత్తబడి పట్టు పోయింది. బ్రేక్ ఆయిల్ మరిగిపోయింది. పొద్దున నేనొక్కదాన్నే పది రౌండ్లు తిరిగితే నాలుగొందల పది దాటలేదు. నువ్వు ఎక్కాక రెండుసార్లూ ఇదే.”

“అంటే తప్పు నాదా?”

“నీ బరువెంత?”

“డెబ్బై రెండు.”

“నిజం చెప్పు.”

“డెబ్బై ఎనిమిది. బూట్లతో.”

“బూట్లు ఇనుముతో చేయించావా? సరే, డెబ్బై ఎనిమిది కిలోలకి రెండు వందల ముప్పై డిగ్రీలు పెరగవు. అలా పెరిగేట్టయితే నువ్వు మెట్లెక్కినప్పుడల్లా ఇల్లు తగలబడాలి.”

“ముందు ఆ నోటికి ఓ బ్రేకుల సెట్టు బిగించుకో. షాపాయన చూస్తున్నాడా?”

“గొడుగు కింద కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకుని మన పొగే చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపా. ఆయన ఊపలేదు.”

“పొగలో కనబడి ఉండదు.”

“ఇద్దరు మనుషులు, పది రౌండ్లు, పెడల్ మెత్తబడకూడదు. అంతే కదా ఆయన అడిగింది! నిలబడితే నా బ్రేకుల సెట్టు ఆయన మూడు షాపుల్లోనూ పెడతానన్నాడు. నాలుగింటి సెషనే ఆఖరు.”

“నిలబడకపోతే మన ఒప్పందం గుర్తుందిగా?”

“ఉంది.”

“సోమవారం పొద్దున ఎనిమిదింటికి నా సీట్లో నువ్వు. ఇంట్లో పేపరు ముందు నేను.”

“గుర్తుందన్నాగా.”

“మొదటి క్లాసు బ్యాంకు మేనేజరుగారిది. ఆయనకి రివర్స్ అంటే భయం. పోనీ ముందుకి పోవడం ఇష్టమా అంటే అదీ లేదు.”

“నాన్నా.”

“పాపం మొన్న నీ పెద్ద బ్రేకుల పుణ్యమా అని ముక్కు స్టీరింగుకి కొట్టుకున్నాడు. ఇరవై కిలోమీటర్ల స్పీడులో! బండి ఆగింది, ఆయన ఆగలేదు. ఏసీ పీకేశావ్, వెనక సీటు పీకేశావ్, ఇక స్టూడెంట్ల ముక్కులు కూడా పీకుతావా?”

“వారంలో అయిదు రోజులు నీ స్కూల్లోనేగా ఈ బండి తిరిగేది. శని, ఆదివారాలు కూడా ఏడుపేనా? పొద్దున దీని నెత్తి మీద ‘నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి’ అన్న బోర్డు తియ్యకుండా ట్రాక్‌లోకి పంపించావ్. అందరూ ఫొటోలు తీసుకున్నారు.”

“ఆ బోర్డు ఉంచాల్సింది. ఇక్కడ అవసరం ఎక్కువ.”

“నవ్వు. నీకేం! బ్రేకు డిస్కులు పెద్ద కారువి, వాటిలో లోపం లేదు. వాటిని ఈ బుల్లి బండికి పట్టించే బ్రాకెట్ నేను లేత్ మిషన్ మీద చేశా. అదే వంకరగా వచ్చిందేమో. బ్రేకు ప్యాడ్ డిస్కుని పట్టుకుని వదలట్లేదేమో. అలా రాసుకుంటూ పోతే ఇలాగే కాలుతుంది. రెండుసార్లు విప్పి బిగించా. చేత్తో తిప్పితే చక్రం శుభ్రంగా తిరుగుతోంది.”

“అయితే నీ పని బాగున్నట్టే.”

“నువ్వు పొగుడుతున్నావేంటి? ఏమైంది నీకు?”

“ఏం కాలేదు.”

“మోకాలు ఎందుకు పట్టుకున్నావ్?”

“నొప్పి.”

“పక్క సీట్లో కూర్చున్నవాడికి మోకాలు నొప్పేంటి?”

“వయసు.”

“పొద్దున లేదే వయసు.”

“నీతో అయిదు రౌండ్లు తిరిగితే ఎవరికైనా వస్తుంది.”

“మేడమ్, ఈ ఎర్ర కారు మీదేనా? నేను రెండో మలుపు దగ్గర జెండా పట్టుకుని ఉంటానే, ఆ మార్షల్ని.”

“మాదేనండీ. ఏమైంది?”

“మీ బ్రేకు లైట్లు తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా వెలుగుతున్నాయండీ. మలుపు ఇంకా ఎంతో దూరం ఉండగానే వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం. వెనకాలవాళ్లు హడలిపోతున్నారు.”

“అక్కడ నేను యాక్సిలరేటర్ మీద నిలబడి ఉంటానే! పొద్దున కూడా వెలిగాయా?”

“పొద్దున లేదండీ. సార్ ఎక్కాకే.”

“సార్ ఎక్కాకే.”

“స్విచ్ ఏదో పాడైనట్టుంది, చూసుకోండి. మళ్లీ అలాగే వెలిగితే జెండా ఊపి బయటికి పిలిచేయాల్సి వస్తుంది.”

“చూసుకుంటానండీ, థాంక్స్. స్విచ్ ఇక్కడే ఉంది. డెబ్బై ఎనిమిది కిలోలు.”

“నన్నలా చూడకు.”

“నాన్నా, నీ కాళ్ల దగ్గర ఒక పెడల్ ఉంది కదా. స్టూడెంటు ఎవరినైనా గుద్దేస్తాడనుకుంటే నువ్వు నొక్కే బ్రేకు.”

“ఉంటే?”

“దాని రబ్బరు మీద బూటు అచ్చు ఉంది. సైజు నంబరు కూడా చదవచ్చు.”

“వారమంతా నొక్కుతాగా. ఎప్పటిదో అయి ఉంటుంది.”

“ఈ బూట్లు పొద్దునేగా అట్టపెట్టెలోంచి తీశావ్.”

“మీ అమ్మే వేసుకోమంది. పదిమందిలోకి వెళ్తున్నారు, ఆ పాతవి వద్దంది.”

“అమ్మ సంగతి అడగలేదు. నొక్కావా లేదా?”

“ఊరికే కాలు పెట్టా.”

“పెట్టావా, నొక్కావా?”

“పెట్టాక కొద్దిగా నొక్కుకుంది.”

“దానంతటదే?”

“దానంతటదే.”

“ఎన్ని మలుపుల్లో?”

“అసలు ఎన్ని ఉన్నాయి?”

“పదకొండు.”

“పదకొండే.”

“తిన్నగా ఉన్న రోడ్డు మీద?”

“అక్కడ కొంచెం ఎక్కువ. అక్కడేగా నువ్వు స్పీడు పెంచేది!”

“నేను యాక్సిలరేటర్ తొక్కుతుంటే నువ్వు బ్రేకు తొక్కుతున్నావ్! బండి లాగట్లేదేంటని ఇంజన్ని తిట్టా. బ్రాకెట్‌ని తిట్టా. లేత్‌ని తిట్టా. రెండుసార్లు విప్పి బిగించా నాన్నా, ఈ చేతులు చూడు.”

“చూశా.”

“కావాలనే చేశావా?”

“ఏంటి?”

“ఇది ఫెయిలైతే సోమవారం నీ సీట్లో నేను, ఇంట్లో పేపరు ముందు నువ్వు. అందుకే చేశావా అని అడుగుతున్నా.”

“ఇరవై ఆరేళ్లు. ఎన్ని వందల మందికి నేర్పానో నాకే తెలీదు. ఒక్కడూ ఎవరినీ గుద్దలేదు. నేను బాగా నేర్పి కాదు, ఈ కాలు ఉండబట్టి. ఎదురుగా మలుపు కనబడితే చాలు, అదే లేస్తుంది. బస్సులో వెళ్లినా లేస్తుంది. మొన్న లిఫ్టులో లేచింది.”

“లిఫ్టులోనా?”

“మన అంతస్తులో ఆగుతుందో లేదోనని.”

“నన్ను నవ్వించడానికా?”

“నవ్వుతావేమోనని చూస్తున్నా.”

“నవ్వట్లేదు.”

“సరే. కావాలని కాదు తల్లీ. నా కాలు నా మాట వినదు. నీ బ్రేకుల మీద నమ్మకం లేక కాదు.”

“మరి నా మీదా?”

“నీళ్లున్నాయా?”

“నా మీదా నాన్నా?”

“గొంతు ఎండిపోయింది.”

“ఆఫీసు పక్కన డ్రమ్ము ఉంది, వెళ్లి తాగు. నాకూ ఒక సీసా పట్టుకురా. మెల్లగానే రా. డిస్కులు చల్లారాలి, ఆయిల్ మార్చాలి.”

“ఈసారి ఇంకెవరినైనా ఎక్కించుకోకూడదూ?”

“అడిగా. పొగ చూశాక ఒక్కడూ రావట్లేదు. షాపాయన్నే రమ్మంటే నడుం నొప్పట. నువ్వే దిక్కు.”

“అంత గౌరవంగా పిలిచాక రాకుండా ఎలా ఉంటా.”

“వెళ్లు ముందు.”

అరగంట తరువాత, అదే షెడ్డు.

“ఇదిగో నీళ్లు. చేతిలో ఆ స్పానరేంటి?”

“చక్రం నట్లు బిగించా.”

“అంత బుల్లి స్పానరుతోనా?”

“హెల్మెట్ పెట్టుకో నాన్నా, నాలుగవుతోంది. తలకిందులుగా కాదు, అటు తిప్పు. ఆఁ. ఈసారి నొక్కనని మాటియ్యి.”

“కాలు మడిచి సీటు కిందకి తోసేస్తా.”

“మాట.”

“మాట.”

పది రౌండ్లు అయ్యాయి. పొగ రాలేదు.

“నాలుగొందల ముప్పై! పెడల్ గట్టిగా ఉంది, మొదటి రౌండులో ఎలా ఉందో అలాగే ఉంది. వింటున్నావా? పొద్దుటి మీద ఇరవై డిగ్రీలే ఎక్కువ. ఆ ఇరవై నీ పొట్టవి.”

“షాపాయన ఏమన్నాడు?”

“చెయ్యి ఊపాడు! ముందు ముప్పై సెట్లు పంపించమన్నాడు. ఆయనే లేచి ఇక్కడిదాకా నడిచొచ్చాడు. నడుం బాగైపోయింది.”

“అయితే బ్యాంకు మేనేజరుగారు నాకే.”

“ఆయనా, ఆయన ముక్కూ, రెండూ నీకే. ఇంతకీ మాట నిలబెట్టుకున్నావా?”

“నిలబెట్టుకున్నా.”

“నిజం చెప్పు.”

“ఎనిమిదో రౌండు నుంచి.”

“అంతకు ముందు ఏడు?”

“నొక్కా.”

“ఎన్ని మలుపుల్లో?”

“పదకొండే.”

“నాకు తెలుసు! నీ సంగతి నాకు తెలుసు! ఇదిగో, ఇదేంటో చూడు. నీ పెడల్‌ని నా పెడల్‌కి కలిపే కడ్డీ. నువ్వు నీళ్లకి వెళ్లినప్పుడు విప్పి జేబులో వేసుకున్నా. ఏడు రౌండ్లూ నువ్వు తొక్కింది ఉత్త పెడల్ మాస్టారూ! ఇరవై ఆరేళ్ల అనుభవం, ఉత్త పెడల్!”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“పదో నంబరు స్పానరు చక్రం నట్లకి పట్టదని తెలుసు. సీట్లో కూర్చోగానే కాలితో కదిపి చూశా. వదులుగా వెళ్లి నేలకి తగిలింది.”

“బండి కదలకముందే తెలుసా? తెలిసీ దిగలేదా?”

“నువ్వే దిక్కన్నావుగా.”

“మరి పని చెయ్యదని తెలిసి కూడా ఏడు రౌండ్లు ఎందుకు తొక్కావ్?”

“చెప్పాగా, కాలు మాట వినదని.”

“ఎనిమిదో రౌండులో ఎలా వింది?”

“అంతసేపూ నీ కాలే చూస్తూ కూర్చున్నా. గీత గీసి పెట్టినట్టు ప్రతిసారీ అదే చోట తొక్కుతున్నావ్. ఎనిమిదో రౌండుకి నా కాలు లేవడం మానేసింది. తొమ్మిదిలో కళ్లు మూసుకున్నా.”

“ఏం, భయమేసిందా?”

“నిద్రొచ్చింది తల్లీ. ఇరవై ఆరేళ్లలో ఆ సీట్లో ఇదే మొదటిసారి.”