హజరత్తయ్య రొయ్యల గుంట

ఆ ఫోను పక్కన పెట్టబ్బయా ముందు. వచ్చినకాడి నుంచి చూస్తా ఉండా, దాన్ని తీస్తావు, ఆ ఎర్రగీతలు చూస్తావు, నిట్టూర్చి జేబులో పెడతావు, మళ్ళీ తీస్తావు. నువ్వు చూసినందుకు అది పైకి లేస్తుందా? శేషమ్మా, మన శివశంకరు వచ్చినాడు, కాఫీ పెట్టు. చక్కెర తక్కువ వెయ్యి, వీడికీ వచ్చిందంట షుగరు. ఆ, ఇప్పుడు చెప్పు, ఏందంటావు? రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా తీసకపోయి ఆ ఫండుల్లో పెట్టినావు. ఇప్పుడు యాడో యుద్ధమంట, మార్కెట్ పడిపోతా ఉందంట, మొత్తం తీసేసి బ్యాంకులో వేసుకుందామా అని నన్ను అడగతా ఉండావు. నన్ను! ఎనభై దాటినోడిని, బోగోలు బస్టాండు దాకా పోవాలంటే మోకాళ్ళు ఒప్పుకోనోడిని. నాకు షేర్లేం తెలుసురా? నాకు తెలిసింది రొయ్యలు. అంతకంటే బాగా తెలిసింది మీ నాయన. నా తోడబుట్టినోడు, హజరత్తయ్య. వాడు పొయ్యి ఎన్నేళ్ళయిందో చూడు, నాకు వాడి మీద కోపం ఇంకా పోలా.

నవ్వబాక. నువ్వప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరి కర్నూల్లో ఉండావు, నీకేం తెలుసు? పండక్కి వచ్చి రొయ్యల వేపుడు తిని పోయినావు, అంతే. అప్పుడు ఈ పక్కంతా పిచ్చెక్కినట్టు వరి మళ్ళు తవ్వేసి గుంటలు చేసినారు. జువ్వలదిన్నె పోయే దోవలో ఉప్పుకాలవ పక్కన మీ నాయనది ఒక గుంట, దాన్ని ఆనుకుని ముత్యాలయ్యది ఒకటి. రెండిటికీ మధ్య ఒక్క కట్టే. ముత్యాలయ్య గుర్తుండాడా? ఆ మీసాలాయన, ఏం మాట్లాడినా తన మీసానికే చెప్పుకుంటున్నట్టు ఉంటాడు. మొదటి పంట బంగారంలా పండింది. మీ అమ్మ మస్తానమ్మ కమ్మలు చేయించుకునింది. మీ నాయన మోటార్ సైకిల్ కొన్నాడు. నడపడం రాదు కదా, ఊరంతా తోసుకుంటా తిరిగినాడు. 'ఎందుకురా ఇది?' అంటే, 'ఉండనీ అన్నా, చూసేవాళ్ళకి బాగుంటుంది' అంటాడు.

రెండో పంటకి వచ్చింది తెల్లమచ్చ తెగులు. మనకి కాదు, అటు దొరవారిసత్రం పక్క వచ్చిందని పుకారు. ఆ తెగులు తగిలిందంటే రొయ్యలు సొమ్మసిల్లి ఒడ్డుకి వచ్చేస్తాయి, వాటి కోసం కొంగలు గుంపుగా వాలతాయి. అందుకని కట్ట మీద నాలుగు కొంగలు కనబడితే చాలు, రైతుకి అన్నం దిగదు. ఒక రోజు ముత్యాలయ్య కట్ట మీద వాలినాయి. మీ నాయన రొప్పుకుంటా వచ్చినాడు నా దగ్గరికి. ఇదో, ఇప్పుడు నువ్వు కూర్చున్న చోటనే కూర్చున్నాడు. 'అన్నా, కొంగలన్నా! ఏం చేద్దాం? పట్టేద్దామా, ఉండనిద్దామా? నువ్వెట్టా చెప్తే అట్టా.' సరే, తమ్ముడు అడిగినాడు కదా, పొయ్యి నీళ్ళు చూసి, రొయ్య చూసి చెప్దామని చెప్పులేసుకుంటా వాడి కాళ్ళ వంక చూసినా. మోకాళ్ళ దాకా నల్ల బురద! తూము తెరిచేసి వచ్చినాడబ్బయా! సగం నీళ్ళు కాలవలో కలిసిపోయినాయి, ఐసు లారీ కట్ట మీద నిలబడి ఉంది, అప్పుడు తీరిగ్గా నన్ను అడిగేదానికి వచ్చినాడు. వాడికి కావాల్సింది నా సలహా కాదు. రేపు తప్పయితే 'మా అన్ననడిగే చేసినా' అనుకునేదానికి నేను కావాల. నాకు ఒళ్ళు మండిపోయింది. తాగు, కాఫీ చల్లారిపోతా ఉంది.

అయితే ఒకటి చెప్పాల. ఆ సారి వాడిదే రైటయింది. ముత్యాలయ్య గుంటంతా చచ్చింది, ఆ కంపుకి ఊరు ఊరంతా ముక్కు మూసుకునింది. మీ నాయన రొయ్యలు చిటికెనవేలంత ఉన్నాయి, ఏజెంటు ఎంతిస్తే అంతే తీసుకున్నాడు, అయినా మేత ఖర్చన్నా వచ్చింది. ఇంక వాడి ఆనందం చూడాల! అంగడికాడ, మంగలి షాపుకాడ, కనబడినోడినల్లా నిలేసి, 'నేను ముందే కనిపెట్టినా, చూసినావా!' అదే వాడి కొంప ముంచింది. ఆ ఒక్కసారి భయం నిజమయ్యేసరికి, ఇంక చచ్చేదాకా భయాన్నే తెలివి అనుకున్నాడు.

మరుసటి పంట చూడు. మళ్ళీ కొంగలు. ఎందుకొచ్చినాయి? జువ్వలదిన్నె ఆడోళ్ళు ఆ కట్ట మీద చేపలు ఎండబెట్టినారు, వాటికోసం వచ్చినాయి. అడగచ్చు కదా? ఊహూ. తూము తెరిచేసినాడు, బురద కాళ్ళతో నా దగ్గరికి వచ్చినాడు, 'ఏం చేద్దామన్నా?' అసలు భయపడాల్సింది ఎవరు? మొత్తం పోగొట్టుకున్న ముత్యాలయ్య. ఆయనకీ భయమేసింది, కాదన్ను. విసురు వల తెచ్చి నాలుగు గంపలు పట్టి అమ్మి, మేతకి, కరెంటు బిల్లుకి సరిపడా చేతిలో పెట్టుకున్నాడు. మిగిలిందాన్ని గుంటలోనే వదిలేసినాడు. 'ఎదగాల్సింది ఎదగాల కదన్నా' అని మీసానికి చెప్పుకున్నాడు. ఎదిగినాయి, ఒక్కోటి జానెడు! కంపెనీవాళ్ళు పోటీ పడి కొన్నారు. అట్టని ఆయనేం దేవుడు కాదు, ఆ తర్వాత ఇంకో పంట చచ్చింది ఆయనకి. కానీ ముందు చేతిలో పెట్టుకునింది ఉంది కదా, తట్టుకున్నాడు.

మీ నాయన పట్టేసిన రొయ్యల డబ్బంతా బియ్యం పక్కన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసినాడు. మీ అమ్మ పోరేది, 'గుంటకి నీళ్ళు పెట్టవయ్యా, పిల్ల వదలవయ్యా' అని. 'ఉండవే, రోజులు బాగుపడనీ' అనేవాడు. రోజులు బాగుపడినాయని ఎవురు చెప్తారబ్బయా? దండోరా వేస్తారా? పక్కోడు లాభం చూసుకుంటా ఉంటే అప్పుడు వీడికి ధైర్యమొచ్చేది, రొయ్య పిల్ల సీడు కోసం పరిగెత్తేవాడు. అప్పటికి దాని ధర ఆకాశంలో ఉండేది, ఎండలు ముదిరిపోయి ఉండేవి. తీసేదానికి ఒక్క పూట పట్టేది వాడికి. మళ్ళీ వేసేదానికి ధైర్యం చాలేది కాదు. పెట్టెలో రూపాయికి తెల్లమచ్చ రాదు, నిజమే. అది ఎదగదు కూడా. ఆస్పత్రికి కొంచెం, ఇంటి కప్పుకి కొంచెం, అట్టా అయిపోయింది. తర్వాత మీ అమ్మ కమ్మలు పోయినాయి. ఆఖర్న ఆ గుంట ఎండిపొయ్యి తెల్లగా ఉప్పు తేలింది. వీడు కట్ట మీద కూర్చుని ముత్యాలయ్య గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్ల వంక చూస్తా ఉండేవాడు. నేను పోతే లేచి చోటిచ్చేవాడు, 'కూర్చో అన్నా' అని. ఎంత మంచోడో అంత పిరికోడు. వాడంటే నాకు ప్రాణంరా, అందుకే ఈ కోపం.

కరెంటు పోయిందా? ఆ విసనకర్ర ఇట్టా ఇయ్యి. అందుకని చెప్తా ఉండా, విను. నీకూ నీ పెళ్ళాం సాయిలక్ష్మికీ రెండు మూడేళ్ళు తిండికి, మందులకి ఎంత కావాలో అంత తీసి బ్యాంకులో వేసుకో. ముత్యాలయ్య నాలుగు గంపలు పట్టినట్టు. ఆ మార్కెట్ రేపు లేస్తుందో, ఇంకా పడతుందో నాకు తెలవదు, నీకూ తెలవదు, ఆ ఫోనుకీ తెలవదు. మిగిలింది కదిలించబాక. అన్నీ సర్దుకున్నాక మళ్ళీ పెడతానంటావేమో, పెట్టలేవు. మీ నాయన కొడుకువి నువ్వు, నాకు తెలుసు. ఏం? ఆ ఫోను బోర్లా తిప్పతావే? ఏందబ్బయా, నేల చూపులు చూస్తా ఉండావు?

నిన్ననే తీసేసినావా?

మొత్తమా?

మరి ఇంతసేపు నాతో ఎందుకు వాగించినావురా! గొంతెండిపోయింది నాకు. మీ నాయనకైతే కాళ్ళకి బురదన్నా ఉండేది, చూస్తానే తెలిసిపోయేది.

శేషమ్మా, వీడికి కూడా అన్నం పెట్టు.